ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు వెయిటేజీ ఉండాలా?

ప్రశ్న (విద్యార్థిని తండ్రి, ఖమ్మం): మా అమ్మాయి ఇక్కడ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది, సరిహద్దు అవతల తిరువూరులో మా అన్నయ్యగారి అబ్బాయిదీ అదే గ్రూపు. ఇప్పుడు ఈఏపీసెట్‌గా మారిన ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీని తెలంగాణ 2023లో తొలగించగా, కొవిడ్ కాలంలో ఆపిన 25 శాతాన్ని ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది మళ్లీ తెచ్చింది. వీటిలో ఏది న్యాయం?

జవాబు (గణిత అధ్యాపకుడు): ఆ 25 శాతం వినడానికి ఉన్నంత పెద్దది కాదండీ. ఎంసెట్ 160 మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులకు 25 శాతం అనుకుంటే, ఎంసెట్‌లో ఒక్క ప్రశ్న ఇంటర్‌లో 11.25 మార్కులతో సమానం. నెగెటివ్ మార్కులు లేవు కనుక, నాలుగేసి ఆప్షన్లుండే ప్రశ్నల్లో తెలియని 20కి గుడ్డిగా జవాబులు గుర్తించినవారికి సగటున 5 మార్కులు కలిసివస్తాయి. అవి ఇంటర్‌లో 56 మార్కుల పెట్టు! అదృష్టానికి ఇంత చోటిచ్చిన పరీక్షలో నాలుగైదు మార్కుల తేడాను ప్రతిభలో తేడా అనడం నాకు సమ్మతం కాదు.

జవాబు (ప్రభుత్వ జూనియర్ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకురాలు): లెక్క సరైనదే గానీ, వెయిటేజీ ప్రభావం ర్యాంకు మీదకన్నా తరగతి గది మీద ఎక్కువ. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాల్సిన పరీక్ష వేగాన్ని కొలుస్తుంది తప్ప, ఒక సూత్రాన్ని మొదటినుంచి రాబట్టగలరో లేదో, ప్రయోగశాలలో పరికరాన్ని సరిగా అమర్చగలరో లేదో కొలవదు. ఇంటర్ మార్కులు ర్యాంకులో కలవవని తెలిశాక, దీర్ఘ సమాధానాలు రాయించే ఓపిక అటు పిల్లలకూ ఇటు యాజమాన్యాలకూ తగ్గుతుంది. అయితే ప్రాక్టికల్స్‌లో దాదాపు అందరికీ నిండుగా మార్కులు వేసే మన అలవాటు వల్ల ఇంటర్ మార్కులూ నమ్మదగిన కొలత కాలేకపోతున్నాయి. సీబీఎస్‌ఈ పిల్లల మార్కులను మన బోర్డు మార్కులతో నేరుగా పోల్చలేం. అందరికీ ఒకే సిలబస్‌పై ఉమ్మడి పరీక్ష అవసరమయ్యేది అక్కడే.

జవాబు (ఇంజినీరింగ్ విద్యార్థి): జేఈఈ మెయిన్‌లోనూ 2013 నుంచి 2016 వరకు బోర్డు మార్కులకు 40 శాతం వెయిటేజీ ఇచ్చి, 2017లో తీసేశారు. ఇప్పుడు ఎన్ఐటీల్లో సీటుకు ఇంటర్‌లో 75 శాతం, లేదా ఆ బోర్డులో పైనున్న 20 పర్సెంటైల్‌లో, అంటే ముందున్న 20 శాతం మందిలో, స్థానం ఉంటే చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ శాతం 65. ర్యాంకులో కలపకుండా ఇలా అర్హతగా ఉంచడమే మేలని నా అభిప్రాయం, కాకపోతే మన రాష్ట్రాల్లో ఆ గీతను మరీ పైకి జరిపితే ముందుగా నష్టపోయేది అధ్యాపకుల ఖాళీలున్న కళాశాలల పిల్లలే.