సద్దుల బతుకమ్మ, శనివారం 4 గంటలకు: పూలు ఎవరు తెస్తరు?

పూల టీమ్, బుధవారం రాత్రి 9:10
మిగిలిన పనులు: పూలు, సత్తుపిండి (మలీద నేను చేస్త), స్పీకర్లు, కుర్చీలు. పేర్లు రాయండి. న్యూజెర్సీల తంగేడు దొరకదు, పసుపు వరుసకు గోల్డెన్‌రాడే. సగం విచ్చినప్పుడే కోయాలె, పూర్తిగా విచ్చితే పేర్చేసరికి నూగు రాలుతది. పార్కులల్ల కోయొద్దు. మన పెరళ్ళు, అడిగి పక్కిండ్లు, అంతే. 16 అంగుళాల తాంబాళానికి అడుగు వరుస చుట్టూ 50 అంగుళాలు, అంటే రెండంగుళాల బంతిపూలు 25. గునుగుకు బదులు సెలోషియా ఎవరింట్ల ఉంది?

ఇంకో మాట. కంచెల మీద ఎర్రబడ్డ మూడాకుల తీగ అందంగ కనవడ్తది. పాయిజన్ ఐవీ అది, తాకితే దురద, దద్దుర్లు. ముట్టొద్దు, పిల్లలను ముట్టనియ్యొద్దు.

హాల్ టీమ్, గురువారం ఉదయం 7:40
ఆగండి. రాత్రి హాల్ వాళ్ళ మెయిలొచ్చింది. జిమ్ చెక్క ఫ్లోర్ మీద తడి పూలు, రంగు, పసుపు ఏవీ వద్దట. తార్పాలిన్ పరుస్తమన్నా ఒప్పుకోలే.

ట్రెజరర్, 8:05
అడ్వాన్స్ వాపసు రాదు, ఇంకో హాల్‌కు పైసల్లేవు. పోయినేడు స్టేజికి కట్టిన ప్లాస్టిక్ పూలున్నయి గదా. వాటితో పేరుద్దామా?

పూల టీమ్, 8:11
ప్లాస్టిక్ పూలది బతుకమ్మనా అన్నా? నీళ్ళల్ల ఏం వదుల్తం? ఫ్లోర్ సంగతి అడ్వాన్స్ కట్టకముందు అడగాలె.

హాల్ టీమ్, 8:14
అడిగిన. పూలంటే సరేనన్నరు. గునుగును రంగుల ముంచుతమని నాకెవరు చెప్పిన్రు? ప్రతిసారి నా మీదికే.

హాల్ టీమ్, మధ్యాహ్నం 1:30
ఫోన్ చేసిన. వెనుక పార్కింగ్ వాడుకోవచ్చట, రాత్రి 8 దాక. ఊడ్చి ఇవ్వాలె.

పూల టీమ్, 1:42
పొద్దున తొందరపడి అన్న, ఏమనుకోకు. పార్కింగంటే రంగు తిప్పలు లేవు, గాలి తిప్పలున్నయి. బతుకమ్మ ఎత్తు రెండడుగులు వద్దు, అడుగున్నరకు ఆపుదాం.

వంటల టీమ్, 2:20
కోళ్ళజాలి గోపురం లెక్క చుట్టి పూలు గుచ్చితే గాలికి కదలదు.

పూల టీమ్, 2:26
గుచ్చితే అది బొకే అయితది వదినా. పైగా నీళ్ళల్ల వదిలేముందు జాలి ఊడదీయాలె. పేరుద్దాం: అడుగున గుమ్మడాకులు, లేకుంటే హోస్టా ఆకులు. నడుమ సన్న వెదురుపుల్ల. కాడలు నాలుగంగుళాలుంచి లోపలికి, తలలు బయటికి. రెండు వరుసలకోసారి దారం చుట్టాలె. నడుమ తుంచిన ఆకులు గట్టిగ కూరాలె. బోలుంటే పై వరుస దిగి ఒక పక్కకు ఒరుగుతది. ఒరిగే బతుకమ్మల్ల చానా వరకు కత గిదే, గాలి మీద నెపం.

జినియా కోసేముందు పువ్వు కింద ఎనిమిదంగుళాల కాడ పట్టుకొని ఊపి చూడండి. మెడ వాలితే వదిలెయ్యండి, గంటల వాడిపోతది. శుక్రవారం సాయంత్రం కోసి, నీళ్ళల్ల మునిగే ఆకులు తీసేసి, రాత్రంత బకెట్ల ఉంచండి. గునుగుకు రంగు కూడా శుక్రవారమే. పేపర్ మీద తెల్లారేదాక ఆరాలె, లేకుంటే చీరలకు అంటుతది.

ట్రెజరర్, 3:05
గౌరమ్మకు గుమ్మడి పువ్వు?

పూల టీమ్, 3:09
మధ్యాహ్నానికి ముడుచుకుంటది. శనివారం పొద్దుగాల్నే కోసి, తడి పేపర్ల చుట్టి ఫ్రిజ్‌ల పెట్టండి. కింద పిందె లేని మగ పువ్వే కోయండి.

వంటల టీమ్, రాత్రి 8:50
పార్కింగ్‌ల కరెంటు ప్లగ్గు లేదు, స్పీకర్లెట్ల?

హాల్ టీమ్, 8:52
చప్పట్లతోనే ఆడుదాం. వదిలేటందుకు పిల్లల ఈత తొట్టి నేను తెస్త. బకెట్లు నా దగ్గర నాలుగే ఉన్నయి, ఇంకో ఆరు కావాలె.