పెళ్లిలో టేబుల్‌కో యూజ్ అండ్ త్రో కెమెరా: సరదానా, దండగా?

పెళ్లివారి_తమ్ముడు
మే నెలలో కొంపల్లిలో మా అక్క పెళ్లి. రిసెప్షన్‌లో టేబుల్‌కో యూజ్ అండ్ త్రో కెమెరా (ఫిల్ము ముందే నింపి అమ్మేది, ఒక్క రోల్‌కే పనికొచ్చేది) పెట్టి, వచ్చినవాళ్లనే ఫొటోలు తీయమందామని అక్క పట్టుబట్టింది. అడ్వాన్స్ తీసుకున్న ఫొటోగ్రాఫర్ ఈ మాట వినగానే "ఇక నేనెందుకండీ?" అని మొహం మాడ్చుకున్నాడు. నాన్న ఆయన పక్షం, పిన్నులంతా అక్క పక్షం. ఖర్చు సంగతి వదిలేయండి. ఎవరు పడితే వాళ్లు నొక్కిన ఫొటోని పని తెలిసినవాడు తీసిన ఫొటో పక్కన పెట్టొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఇంట్లో టెన్షన్ పెరిగిపోతోంది.

ఎఫ్8_అన్నయ్య
నేను పెళ్లిళ్లు తీసి బతికేవాణ్ని, కాబట్టి ఎవరి పక్షమో చెప్పనక్కర్లేదు. ముందు ఆ డబ్బాలో ఏముందో చూడు తమ్ముడూ. ప్లాస్టిక్ లెన్స్. అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే కన్నం, ఎఫ్/10 అనే చిన్న సైజు దగ్గర బిగించేసి ఉంటుంది, షట్టర్ సెకనులో నూరో వంతుకి కాస్త అటూ ఇటూ. ఫోకస్ మార్చే వీల్లేదు. ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటితే చేతులెత్తేస్తుంది. ఫంక్షన్ హాల్లో ఆఖరి టేబుల్ నుంచి స్టేజీని తీస్తే ఏం పడుతుంది? ముందు కూర్చున్నవాళ్ల తలకాయలు తెల్లగా, అవతలంతా చీకటి. పెళ్లికొడుకుని వెతుక్కోవాలి.

మన ఊళ్లోనే రాజా దీన్ దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేశాడు. ఫిల్ముకి బదులు అప్పట్లో వాడే గాజు పలకలు, స్టాండు మోయించుకెళ్లి, వెలుతురు కుదిరేదాకా కాచుకుని తీసేవాడు. ఆయన పోయింది 1905లో. ఆ ఫొటోలు ఇప్పటికీ చూస్తున్నామంటే ఆ శ్రద్ధ వల్లే. కంటికి కనబడిందల్లా నొక్కుకుంటూ పోతే అది ఫొటోగ్రఫీ ఎలా అవుతుంది?

బేగంపేట_బుజ్జి
అన్నా, దీన్ దయాళ్ పేరెత్తావు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతా. ఆయన తీసినవాటిలో దర్బారు ఉంది, వేట ఉంది. నిజాం తాను ఎలా కనబడాలనుకున్నాడో అలా ఉన్నాడు. ఆ విందులకి వండినవాళ్లు పని అయ్యాక ఏం నవ్వుకున్నారో చూద్దామంటే మనకి దొరకదు. వాళ్ల కోసం గాజు పలక ఖర్చుపెట్టేదెవరు?

పరదా పాటించే ఆడవాళ్ల కోసం ఆయనే 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టి, తీసే పని ఒక ఇంగ్లిష్ ఆవిడకి అప్పజెప్పాడు. తన కెమెరా వెళ్లలేని గది ఒకటుంటుందని అంత పెద్దాయనకే తెలుసు. పెళ్లింట్లో ఇప్పటికీ అలాంటి గదులు బోలెడు. గోరింటాకు పెట్టించుకుంటూ పిన్నులు ఆడపడుచు మీద వేసే జోకులు నువ్వు గుమ్మంలోకి రాగానే ఆగిపోతాయి. అందరూ కొంగు సర్దుకుని ఒకే నవ్వు నవ్వుతారు. నీ తప్పేం లేదు, నీ లెన్స్ సైజు అలాంటిది.

ఇది ఇన్‌స్టా పిల్లల పిచ్చి కూడా కాదు. 1888లో కొడాక్ కంపెనీ పెట్టిన ఈస్ట్‌మన్ అమ్మిన మొదటి కొడాక్ కెమెరాలో నూరు ఫొటోలకి ఫిల్ము ముందే నింపి ఉండేది. అయిపోయాక కెమెరా మొత్తాన్ని కంపెనీకి పంపితే, వాళ్లే ప్రింట్లేసి, కొత్త ఫిల్ము నింపి తిరిగి పంపేవాళ్లు. ఫ్యూజీ 1986లో ఆ పద్ధతినే చవగ్గా అట్టపెట్టెలోకి దించింది.

ఎఫ్8_అన్నయ్య
పిన్నుల గది మాట ఒప్పుకుంటా. దానికి ఫోను చాలదా? అందరి చేతిలోనూ ఉందిగా.

బేగంపేట_బుజ్జి
ఫోనైతే తీసిన వెంటనే చూస్తారు. "నా కళ్లు మూతపడ్డాయి, మళ్లీ తియ్" అంటారు. నాలుగోసారికి అందరూ షోకేసు బొమ్మలే. ఇందులో చూసుకునే వీల్లేదు. ఉన్నవి 27, అయిపోతే అంతే.

ఎఫ్8_అన్నయ్య
అదే కదా నేను మొత్తుకునేది! ఉన్నవి తక్కువ, ఆలోచించి నొక్కాలి అన్నది మా ఫిల్ము రోజుల క్రమశిక్షణ. నా వాదన నాకే వినిపిస్తున్నావు.

కోఠి_పాతకాపు
క్రమశిక్షణా, గాడిదగుడ్డా! కలర్ ల్యాబ్‌లో మెషిన్ దగ్గర నా సగం జీవితం గడిచింది. ఆ రోల్స్ ఎలా వస్తాయో నన్నడగండి. ఫిల్ము మీద బొమ్మ తేల్చే డెవలపర్ ద్రావణం 37.8 డిగ్రీల దగ్గర ఉండాలి, మూడుంబావు నిమిషాలు. దానికి మేం పడే జాగ్రత్త తీసినవాడికి ఏ కోశానా ఉండదు. పిల్లలకి దొరికిందంటే మొదటి పది నిమిషాల్లో సగం రోల్ ఖాళీ: షాండ్లియర్, ఐస్‌క్రీమ్ కప్పు, ఎవరిదో బొటనవేలు. ఆ తర్వాత ఫ్లాష్ మీట నొక్కడం మరిచిపోయిన నల్ల ఫ్రేములు వరసగా.

మధ్యలో ఒకటి తగులుతుంది. ఒక రోల్లో చూశాను. తాంబూలం సంచులు పేర్చిన మూల, ఇద్దరు వంటవాళ్లు గోడకి జారగిలబడి కూర్చున్నారు. ఒకాయన నోట్లో సగం లడ్డు, ఫ్లాష్‌కి ఒక కన్ను చిట్లించాడు. రెండో ఆయన భుజం మీది తువ్వాలుకి పసుపు మరకలు. ఫ్రేము వంకర, వెనక గోడ మీద నల్లటి నీడ. పనితనం చూస్తే సున్నా. కవరు విప్పిన ఇంటావిడ మాత్రం మిగతావన్నీ కౌంటర్ మీద పెట్టేసి దాన్నే పట్టుకుంది.

అలాగని బుజ్జమ్మ సంబరపడిపోనక్కర్లేదు. తలంబ్రాలు మసకగా పడితే అదే ఇంటివాళ్లు "మీరే పాడుచేశారు" అని మా మీద పడేవాళ్లు. వంటాయన కన్ను చిట్లిస్తే ముచ్చట, పెళ్లికూతురు చిట్లిస్తే గొడవ. ఏ ఫొటో చెడిపోయినా ఫర్వాలేదో ముందే తేల్చుకోండి. అలాంటిచోటికే ఈ డబ్బా పంపండి.

తమ్ముడూ, మే నెల అన్నావు కాబట్టి ఒక మాట. కెమెరాలు కారులో వదిలెయ్యకు, ఎండకి ఫిల్ము పాడై రంగులు మారిపోతాయి. మనిషికి రెండు మీటర్ల దూరంలో నిలబడి, హాల్లో ప్రతిసారీ ఫ్లాష్ వెయ్యమను. ఏ పిల్లాడైనా వెనక మూత పీకినా కంగారు పడకు. ఇందులో తీసినకొద్దీ ఫిల్ము తిరిగి డబ్బీలోకే చుట్టుకుంటుంది కాబట్టి తీసినవి చాలావరకు దక్కుతాయి, తీయనివి పోతాయి. లోపల మాత్రం వేలు పెట్టనివ్వకు. ఫ్లాష్‌కి కరెంటు నిలవచేసే కెపాసిటర్‌లో మూడొందల వోల్టులదాకా ఉంటుంది, చేయి జివ్వుమంటుంది.

పెళ్లివారి_తమ్ముడు
అక్కకి చదివి వినిపించాను. టేబుళ్ల మీద పెట్టడం మానేశాం. చిన్న పిన్నికి ఒకటి, అక్క హాస్టల్ ఫ్రెండ్స్‌కి ఒకటి, వంటల దగ్గరే తిరిగే బాబాయికి ఒకటి. పెళ్లి రెండు రోజులూ వాళ్ల దగ్గరే ఉంటాయి. నాన్న ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. ఎఫ్8 అన్నా, దీనికి మా ఫొటోగ్రాఫర్ ఒప్పుకుంటాడంటావా?

ఎఫ్8_అన్నయ్య
నేనైతే ఒక్క షరతు మీద ఒప్పుకుంటా. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తాళి కట్టేటప్పుడు ఆ ముగ్గురూ మంటపం దగ్గర ఫ్లాష్ కొట్టకూడదు. నా ఫ్లాష్‌తో పాటు అదీ వెలిగిందంటే ఆ ఫ్రేము తెల్లబడిపోతుంది. ఉన్నవి మూడు ముళ్లే, నా ఫొటో కోసం నాలుగోది వెయ్యమనలేను కదా.