ఇవి ఆఫ్రికా నత్తలేనా? కుక్క ఉన్న ఇంట్లో ఎలా వదిలించుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ. వానలు మొదలైనప్పటి నుంచి పెరట్లో పెద్ద పెద్ద నత్తలు కనిపిస్తున్నాయి. రాత్రయితే చాలు, బొప్పాయి నారు, బంతి మొక్కలు మొదలంటా కొరికేస్తున్నాయి. పగలు సున్నం వేసిన ప్రహరీ గోడకి అంటుకుని ఉంటున్నాయి. గుల్లకి కాల్షియం కావాలి కాబట్టి సున్నాన్ని గీరి తింటాయి, గోడ మీద ఆ గీతలు స్పష్టంగా తెలుస్తున్నాయి.

గుల్ల చూపుడువేలంత పొడవు, కొన సన్నగా తేలి ఉంది. లేత గోధుమరంగు మీద నిలువుగా ముదురు చారలు. నోటి దగ్గర, గుల్ల మధ్యలో నిలువుగా ఉండే లోపలి కాడ తెల్లగా ఉండి, చివర కత్తిరించినట్టు ఆగిపోయింది. 1847లో విలియం బెన్సన్ అనే నత్తల పరిశోధకుడు మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో వదిలిన ఆఫ్రికా నత్త, అంటే లిస్సాకటీనా ఫులికా, ఇదేనని నా అనుమానం. మన దేశవాళీ నత్త అయితే మాత్రం చంపడానికి నాకు మనసొప్పదు. అందుకే తెలిసినవాళ్ళు ముందు ఈ సంగతి తేల్చి చెప్పండి.

నత్తల్ని చంపే మెటాల్డిహైడ్ మందు గుళికలు కుక్కలకి ప్రాణాంతకం, మా ఇంట్లో కుక్క ఉంది, కాబట్టి అవి వద్దు. ఈ నత్తల్లో ఉండే ఎలుక ఊపిరితిత్తుల పురుగు (ర్యాట్ లంగ్‌వార్మ్ అనే పరాన్నజీవి) వల్ల మెదడు పొరల వాపు రావచ్చు కనుక గ్లౌజులు లేకుండా ముట్టుకోవడం లేదు. తడి గోనెసంచి పరిచి, కింద చేరినవాటిని పొద్దున్నే ఏరి ఉప్పునీళ్ళలో వేస్తే సరిపోతుందా? మట్టిలో పెట్టిన గుడ్లని ఏం చేయాలి? ఒక్క విడతలోనే వందకి పైగా పెడతాయి, నాకు అదే టెన్షన్. ఖాళీ గుల్లలు పొడి చేసి మొక్కలకి వేయొచ్చా? స్వయంగా చేసి చూసినవాళ్ళు చెప్తే చాలా మేలు చేసినవారవుతారు.