విషమించినదానిలో విషం ఉందా?

“రోగి పరిస్థితి విషమించింది” అనే వాక్యంలో విషం ఉన్నదా అని ఒక సభ్యులు నిన్న అడిగారు. ఒంటినిండా విషం పాకితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఆ మాట అలా పుట్టి ఉంటుందని కొందరు సమాధానమిచ్చారు. వినడానికి సబబుగానే ఉన్నా ఆ వ్యుత్పత్తి నిలవదు. విషమించడం అనేది విషమం నుంచి వచ్చిన క్రియ. విషమమంటే సమం కానిది. ‘వి’ అనే ఉపసర్గ ముందు చేరినప్పుడు సమ శబ్దంలోని సకారం షకారం కావడం పాణిని చెప్పిన విధి. ‘సు’ చేరినప్పుడు కూడా అంతే, సుషమ అవుతుంది. అంటే శోభను చెప్పే సుషమ, చిక్కును చెప్పే విషమం ఒకే ఇంటి బిడ్డలు. మూడు భుజాలూ మూడు కొలతల్లో ఉన్న త్రిభుజాన్ని బడి పుస్తకాలు విషమబాహు త్రిభుజం అంటాయి. అక్కడ విషాన్ని ఎవరూ వెతకరు. విషాదానికీ విషంతో చుట్టరికం లేదు. కుంగిపోవడాన్ని చెప్పే సద్ ధాతువు నుంచి వచ్చిన మాట అది.

జ్వరాల దగ్గర ఈ తేడా మరింత ముఖ్యమవుతుంది. ఆయుర్వేదం చెప్పే విషమజ్వరం వేళాపాళా లేకుండా వచ్చిపోయే జ్వరం. వానాకాలంలో పత్రికలు రాసే విషజ్వరాలు వేరు. ఒక్క మకారం జారితే రోగమే మారిపోతుంది కనుక రాసేవారు దీన్ని పట్టించుకోవాలని నా మనవి. విషాన్ని చెప్పే లాటిన్ మాట ‘వైరస్’ మన విష శబ్దానికి జ్ఞాతి. కాబట్టి విషజ్వరం, వైరల్ జ్వరం అనే రెండు మాటలూ ఎక్కడో ఒకే మూలాన్ని తాకుతున్నాయి.

ఇక అసలు విషం సంగతి. వ్యాపించడం అనే అర్థమున్న విష్ ధాతువు నుంచి ఈ పదాన్ని సాధించడం మన సంప్రదాయం. విష్ణు శబ్దానికి కూడా ఆ ధాతువునే చూపిస్తారు. సంస్కృత నిఘంటువుల్లో విషానికి నీరు అనే అర్థం కూడా ఉంది. అందుకే విషధరమంటే పామూ అవుతుంది, మేఘమూ అవుతుంది. కవులు ఈ శ్లేషను ఇష్టంగా వాడుకున్నారు. తెలుగువారు పాము విషానికీ, చెట్టు విషానికీ, తిండిలో కలిసిన విషానికీ ఒకే మాట వాడతారు గాని, దాని నడకను మాత్రం విడివిడి క్రియలతో చెబుతారు. విషం ఎక్కుతుంది, తలకెక్కుతుంది, దిగుతుంది, విరుగుతుంది. విరుగుడు అనే మాట ఈ చివరి క్రియ నుంచే వచ్చింది.

ఈ పదం పోలికగా మారినప్పుడు కూడా వ్యాపించే గుణాన్ని వదలలేదని నా అభిప్రాయం. సుమతీ శతకంలోని ఈ పద్యం చూడండి.

తలనుండు విషము ఫణికిని
వెలయంగాఁ దోకనుండు వృశ్చికమునకున్
దలతోక యనక నుండును
ఖలునకు నిలువెల్ల విషము గదరా సుమతీ!

పాముకూ తేలుకూ విషం ఉండే చోటు ఒకటి ఉంది. ఆ చోటు తెలిస్తే జాగ్రత్తపడవచ్చు. ఖలుడి విషయంలో కవి ఆ హద్దును చెరిపేశాడు. ‘నిలువెల్ల’ అన్న చోట విషం అక్షరార్థాన్ని దాటి పోలికలోకి అడుగుపెట్టింది. అయినా ధాతువు చెప్పిన వ్యాప్తి అక్కడే పూర్తిగా కనబడుతోంది. పోతన భాగవతంలోని శివుడు దీనికి సరిగ్గా ఎదురు చేశాడు. తన ఉదరం లోకాలకు నిలయమని ఎరిగి, కవి ‘విషాగ్ని’ అని పిలిచిన ఆ హాలాహలాన్ని కంఠం దాటనివ్వకుండా అక్కడే నిలిపాడు. పాకడమే స్వభావమైన దానిని ఒక్క చోట కట్టివేయడం ఆ ఘట్టానికి ప్రాణం. నీలకంఠుడన్న పేరు అందువల్లే వచ్చింది.

నేటి వాడుకలో విషం కక్కడానికీ విషం చిమ్మడానికీ తేడా ఉంది. ఎంతోకాలం లోపల దాచుకున్న పగ బయటపడితే కక్కడం. ఎదుటివారిని గురిచూసి మాట విసిరితే చిమ్మడం. వీటన్నిటికంటే ‘నూరిపోయడం’ నాకు భయం కలిగించే ప్రయోగం. సానరాతి మీద వేరునో కాయనో అరగదీసి బిడ్డ నోట్లో పోసే తల్లి పని అది. పసివారి మనసుల్లో విషం నూరిపోశారని అన్నప్పుడు, మందు పోసే చేయే విషం పోసిందన్న బాధ ఆ క్రియలోనే ఉంది.

ఆ మందు అనే మాట కూడా తక్కువది కాదు. ఊళ్లలో విషమనే మాట కంటే ఎలుకల మందు, పురుగుల మందు, కలుపు మందు అన్నవే ఎక్కువగా వినిపిస్తాయి. జబ్బు తగ్గించేది మందు, సారా మందు, తుపాకిలో కూరేది మందు, వశం చేసుకోవడానికి అన్నంలో కలుపుతారని చెప్పుకునేది పెట్టుడు మందు.

పత్రికల ‘విషవలయం’ మాత్రం నాకు అంతగా నచ్చదు. అక్కడ చెప్పదలచినది ఒకచోటే గిరగిర తిరుగుతూ బయటపడలేకపోవడం. విషం ఎక్కడా ఆగి తిరగదు, పాకుతుంది. దాని బదులు మీ ప్రాంతంలో వాడే మాట ఏదైనా ఉంటే దయచేసి ఇక్కడ రాయండి.