స్మిత్‌ఫీల్డ్ మార్కెట్ కప్పు గురించి

ప్రశ్న (కర్నూలు):
లండన్‌లో 1868లో తెరిచిన స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ కప్పుకు గాజు వాడారట. మా మార్కెట్లో రేకుల కింద మధ్యాహ్నానికే ఆకుకూరలు వడలిపోతున్నాయి గనుక అడుగుతున్నాను, అక్కడ మాంసం ఎలా నిలిచేదండీ?

జవాబు (అనంతపురం):
వాస్తుశిల్పి హొరేస్ జోన్స్ గాజు పలకలను నడుమ సందులు వదిలి ఏటవాలుగా అమర్చినందువల్ల వెలుతురూ గాలీ లోపలికి వచ్చేవి గానీ, ఎండ నేరుగా పడేది కాదు.

జవాబు (కడప):
కప్పు సరే, నాకు మాత్రం అసలు పనితనం నేల కిందే కనిపిస్తుంది. 1855లో అక్కడి పశువుల సంతను ఉత్తర లండన్‌లోని ఇస్లింగ్టన్‌కు తరలించాక, కోసిన మాంసం రైళ్లలో మార్కెట్ అడుగున వేసిన పట్టాల మీదికే వచ్చేది; అక్కడి నుంచి లిఫ్టులతో పైకి చేర్చేవారు. 1881లో హొరేస్ జోన్సే రూపొందించిన లండన్‌లోని లెడెన్‌హాల్ మార్కెట్ చూడముచ్చటైనదే కానీ, దానికి ఈ ఏర్పాటు లేదు.