స్లీవ్ సర్జరీ అయ్యాక నీళ్లు దిగడం లేదు, ఏం చెయ్యాలి?

నెల్లూరు తమ్ముడు:
మా అక్కకి చెన్నైలో స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి కడుపుని చిన్నది చేసే ఆపరేషన్) అయి రెండో వారం నడుస్తోంది. చెకప్ అయ్యేదాకా వడపళనిలో మా ఇంట్లోనే ఉంచుకున్నాం. ఆకలి అసలు లేదంటుంది, సరే, అది ఆపరేషన్ వల్లే అనుకుంటున్నాం, కానీ నీళ్లు కూడా దిగడం లేదు. రెండు గుక్కలు తాగగానే గుండెల మీద ఏదో పెట్టినట్టుందని గ్లాసు పక్కన పెట్టేస్తుంది. డైటీషియన్ రాసిచ్చిన చీటీలో రోజుకి లీటరున్నర ద్రవాలు, 60 గ్రాముల ప్రోటీన్ అని ఉంది, అందులో సగం కూడా రావట్లేదు. పైగా అగ్ని నక్షత్రం ఎండలు, ఏసీ గదిలోంచి బయటికొస్తే నీరసం. పెద్దమ్మేమో గ్లూకోజ్ పొడి కలిపివ్వండి, చెరుకు రసం పట్టండి, రాగి జావ పొయ్యండి అని రోజూ ఫోను. ఈ సర్జరీ అయినవాళ్లు మొదటి వారాల్లో ఎలా తాగారో చెప్పండి ప్లీజ్.

పోరూరు పిల్ల:
నాకూ స్లీవే అయింది. ముందు ఆ గ్లాసు తీసేయండి, అది చూస్తేనే భయమేస్తుంది. కడుపులో ముప్పాతిక భాగం పైనే తీసేశారు, మిగిలిన గొట్టం ఇంకా వాచి ఉంటుంది, పెద్ద గుక్క తాగితే పట్టదు. సిరప్ సీసాతో వచ్చే కొలత మూత ఉంటుంది కదా, దాంతో 30 మిల్లీలీటర్లు కొలిచి చిన్న కప్పులో పోసి, పావుగంటలో కొంచెం కొంచెంగా చప్పరించమనండి. అలా పొద్దున 7 నుంచి రాత్రి 8 దాకా చేస్తే లీటరున్నర దాటుతుంది, లెక్క వేసి చూడండి. మొబైల్లో అలారం పెట్టాల్సిందే, దాహం వేసినప్పుడు చూద్దాంలే అంటే అంత తాగడం కుదరదు. ఉత్త నీళ్లు వెగటైతే వడగట్టిన పల్చటి మజ్జిగ, కారం లేని చారు తేట, కొబ్బరి నీళ్లు, అన్నీ లెక్కలోకే వస్తాయి. కొందరికి చల్లనివి పడవు, గోరువెచ్చగా ఇచ్చి చూడండి. పన్నీర్ సోడా, గోలీ సోడా జోలికి మాత్రం వెళ్లొద్దు, ఆ గ్యాస్‌తో నరకం.

పప్పుచారు:
పెద్దమ్మగారి మీద గౌరవంతోనే చెప్తున్నా, చెరుకు రసం, గ్లూకోజ్ రెండూ వద్దు. అంత తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగితే చెమటలు, గుండె దడ, కడుపులో మెలి, విరేచనాలు రావచ్చు, డంపింగ్ అంటారు. బరువు తగ్గడానికి కడుపు బైపాస్ చేయించుకున్నవాళ్లకి ఎక్కువ, స్లీవ్ వాళ్లకీ వస్తుంది. ప్రోటీన్ కోసం జావ మీదా పప్పు కట్టు మీదా ఆశ పెట్టుకోకండి, వాటిలో ఉండేది చాలా తక్కువ. వెన్న తీసిన పాలల్లో పాలపొడి కలిపితే కొంత వస్తుంది, మిగతాది డైటీషియన్ ఒప్పుకున్న వే పౌడరే (పాల నుంచి తీసే ప్రోటీన్ పొడి), అదీ చక్కెర లేనిది, పల్చగా, రోజులో మూడు నాలుగుసార్లు. అది కూడా ద్రవమే కాబట్టి లీటరున్నరలో కలుపుకోవచ్చు. ముందు ముందు గట్టి తిండి మొదలయ్యాక మాత్రం తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మన చారన్నం అలవాటుకి అదే కష్టం.

వార్డు డ్యూటీ:
నర్సుని. పైన చెప్పినవన్నీ బాగున్నాయి గానీ సగం కూడా తాగట్లేదంటున్నారు కాబట్టి చెకప్ తేదీ దాకా ఆగకుండా రేపు పొద్దున్నే హాస్పిటల్‌కి ఫోన్ చేయండి. మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా వస్తున్నా, లేవగానే కళ్లు తిరుగుతున్నా ఫోన్ కాదు, తీసుకెళ్లిపోవడమే, సెలైన్ పెడతారు. వాంతులు ఆగకపోయినా అంతే. రోజుల తరబడి వాంతులైతే బీ1 విటమిన్ పడిపోయి నరాలకీ మెదడుకీ దెబ్బ, అందుకే దగ్గర్లో ఏదో క్లినిక్‌లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించేయకండి, బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ పెడితే ఇంకా ప్రమాదం, ఈ సర్జరీ అయిందని ముందే చెప్పాలి. జ్వరం, తగ్గని గుండె దడ, తీవ్రమైన కడుపు నొప్పి ఉంటే కుట్ల దగ్గర లీక్ కావచ్చు, రాత్రయినా సరే ఎమర్జెన్సీకే. ఇంకొకటి, బీపీకి, షుగర్‌కి మాత్రలు ఏమైనా వాడుతోందా?

నెల్లూరు తమ్ముడు:
షుగర్ లేదు. బీపీ మాత్ర పాతదే వేసుకుంటోంది, స్ట్రిప్ మీద చూస్తే రెండు మందులు కలిసి ఉన్నాయి, రెండోది హైడ్రోక్లోరోథయాజైడ్. మూత్రం కాస్త ముదురుగానే ఉందంటోంది. కళ్లు తిరగడం లేదు.

వార్డు డ్యూటీ:
అది మూత్రం ఎక్కువ చేసే మందు, ఒంట్లో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు బీపీని బాగా దించేస్తుంది. మూత్రం ముదురుగా ఉందంటున్నారు కాబట్టి ఇక రేపటిదాకా వద్దు. డిశ్చార్జ్ కాగితం మీద నంబర్ ఉంటుంది, ఇప్పుడే చేసి మాత్ర పేరు, పొద్దున్నుంచి ఎంత తాగింది చెప్పి, వెంటనే తీసుకెళ్లిపోండి. మాత్ర ఆపాలా మార్చాలా వాళ్లే చెప్తారు, మీ అంతట మీరు ఆపకండి. ఇంట్లో మిషన్ ఉంటే కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి ఆ రెండు అంకెలూ చెప్పండి.