అప్‌డేట్: జేబులో పెట్టుకునే మడత చాకు దొరికింది

పనిలో రోజూ వాడుకోవడానికి పాతకాలపు తరహా మడత చాకు కావాలి, ఖరీదు తక్కువగా ఉండాలి, నాణ్యత తగ్గకూడదు అని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. చివరికి ఒపినెల్ కంపెనీ చాకు, 8వ నంబర్ సైజు, కార్బన్ స్టీల్‌ది తీసుకున్నాను.

ఇది ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో 1890లో పుట్టిన చాకు. బ్లేడు 8.5 సెంటీమీటర్లు, పిడి బీచ్ చెక్క. జేబులో ఉన్నట్టే తెలియదు, అంత తేలిక. బ్లేడు, పిడి కలిసే చోట ఉన్న రింగు తిప్పితే బ్లేడు లాక్ అవుతుంది. వేళ్ల మీదకు మడుచుకుంటుందేమోనన్న టెన్షన్ లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

పదును మాత్రం అద్భుతం. బ్లేడు పలచగా ఉండటంతో అట్టపెట్టెలు, తాళ్లు, పండ్లు సులువుగా తెగుతున్నాయి. మొద్దుబారితే సానరాయి మీద కాసేపు రుద్దితే చాలు. అయితే దీంతో మూతలు పెకలించకండి, పలచని మొన విరుగుతుంది.

కార్బన్ స్టీల్ తడి తగిలితే తుప్పు పడుతుంది. నిమ్మకాయ కోస్తే బ్లేడు నల్లబడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. తుడిచి, చుక్క నూనె రాస్తున్నాను. తడి చేతులతో పని చేసేవాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోండి. చెక్క పిడి నీళ్లు పీల్చి ఉబ్బితే బ్లేడు బిగుసుకుపోతుంది. అప్పుడు రింగు తెరిచే వైపు ఉందో లేదో చూసుకుని, పిడి వెనక కొసను బల్లకేసి కొడితే బ్లేడు కాస్త బయటికి వస్తుంది.

విక్టోరినాక్స్ (చిన్న చిన్న పనిముట్లు కూడా ఉండే స్విస్ మడత చాకు) చెప్పినవాళ్ల సలహా కూడా మంచిదే. స్క్రూడ్రైవర్ కూడా కావాలనుకునేవాళ్లకు అదే సరైనది.